ఏటి పాయలో లంగరు

పాప అమ్మకు, మీ ఆయన రాస్తున్నది. తుఫాను దాటిపోయింది. నేనూ మీ తమ్ముడూ పడవతో సహా క్షేమం. ఇక బెంగ పెట్టుకోకు.

సోమవారం రేడియోలో హెచ్చరిక వినేసరికి మన రేవుకు ఐదు గంటల దూరంలో ఉన్నాం. మీ తమ్ముడు ఒకటే గోల.

"బావా, ఇంటికి పోదాం. గాలి లేచేలోపు ఒడ్డెక్కేస్తాం."

"మన రేవు నోరు తూర్పుకుందిరా. గాలీ అటునుంచే వస్తోంది. లోపలికి దూరినా పడవలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి" అన్నాను.

కొండ చాటున ఉన్న ఏటి పాయలోకి తిప్పాను. అడుగున బురద గట్టిగా ఉన్న చోటు చూసి, రెండు లంగర్లు దించి, తాళ్లు పొడుగ్గా వదిలాను. రెండు రోజులు గాలి మా నెత్తి మీదుగా పోయింది కానీ లంగరు జారలేదు. వాడు మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నీ దగ్గర దాచడమెందుకు, ఇంటివైపు తిప్పాలని వాడికన్నా నా ప్రాణమే ఎక్కువ కొట్టుకుంది.

మన రేవులో మూడు పడవలు బద్దలయ్యాయని ఈ ఉదయం తెలిశాక వాడు నోరు విప్పాడు. "టీ పెట్టనా బావా?"

వంటింటి రేకులు లేచిపోయాయా? నువ్వు ఎక్కకు, వడ్రంగిని పిలు. అమ్మకు దగ్గు తగ్గిందా? దండాలు చెప్పు.

సముద్రం నెమ్మదించడానికి ఇంకో వారం పడుతుంది. పాప అడుగులేస్తోందని రాశావు. నేను వచ్చిన రోజు దాన్ని గుమ్మంలో నిలబెట్టి చెయ్యి వదిలెయ్. నా వైపు వస్తుందో, ఎవరో కొత్తవాడని నీ వెనక దాక్కుంటుందో చూడాలి. ఏడ్చినా సరే, ఎత్తుకుంటాను.