నీ ఎద్దు నడిచింది

లక్ష్మీ,

"మట్టిబొమ్మను తెరమీద ఎట్లా నడిపిస్తారక్కా?" ప్రొద్దుటూరు సినిమాహాల్లో నువ్వడిగిన ఆ ప్రశ్నను ఇన్నేళ్లూ వెంటపెట్టుకుని తిరిగాను. నువ్వు పోయాక గాని జవాబు తెలియలేదు. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో తీయాలి, మళ్లీ కాస్త జరిపి ఇంకొకటి. అవన్నీ వరసగా తిప్పితే నడకవుతుంది.

నువ్వు మైనం, ఆముదం కలిపిన మట్టితో చేసిన ఎద్దును నడిపించమని నీ కూతురే అడిగింది. మద్రాసు నుంచి కెమెరా అరువు తెచ్చి, పోయిన నెల పులివెందులలో మీ ఇంట్లోనే తీశాను. ముందుగా బొమ్మనంతా నూనె వేలితో నున్నగా రుద్దాను.

"ఏంది పెద్దమ్మా, తుడుస్తాండావు?"

"గీతలుంటే తెరమీద వణుకుతాయే," అన్నాను. అవి నీ వేలిముద్రలని నాకు తెలుసు.

నిన్న ఆ సినిమాను గోడమీద వేసి నీ కూతురికి చూపించాను. ఎద్దు తల ఊపుకుంటూ నడిచింది.

"శానా బాగుంది! మాయమ్మ చూసింటే ఎంత నవ్విండేదో!" అని చప్పట్లు కొట్టింది. తర్వాత, ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిన బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూసింది.

"ఈడ మాయమ్మ బొటనవేలు గుర్తుండె. నేను రోజూ ఆడ నా వేలు పెట్టుకుంటాంటి," అంది.

ఆ బిడ్డ ముచ్చట తీర్చడానికే తుడిచానో, నా పనిలో వంక ఉండకూడదని తుడిచానో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

మీ అక్క