నేలకు దండం

అక్కా,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ నీ ఫ్లమెంకో డాన్సు క్లాసు వాళ్ల ప్రదర్శన ఉందంటే వెళ్లాను.

వైటూకే కంప్యూటర్ల పని మీద సింగపూరు వచ్చిన కొత్తలో, చాంగీ ఆఫీసులో శనివారం పని ముగించుకుని ఆ క్లాసులో చేరావు. తోడుకు నేనూ వచ్చాను. మొదటి రోజే, చిన్నప్పటి కూచిపూడి అలవాటు కొద్దీ, మేకులు కొట్టిన బూట్లు తొడుక్కుని మరీ వంగి నేలకు దండం పెట్టావు. అందరూ నవ్వారు. స్పెయిన్ టీచరు మాత్రం ఎందుకని అడిగింది.

"తొక్కబోతున్నాం కదా, ముందే క్షమించమంటాం," అన్నావు.

ఆవిడ, "మా తాతలు జిప్సీలు. వాళ్లను ఏ ఊళ్లోనూ ఉండనివ్వలేదు. ఈ ఆటలో మేం నేలను అడిగేది క్షమాపణ కాదు, చోటు," అంది. ఆ రాత్రి నువ్వు అన్నం సరిగ్గా తినలేదు.

ఇవాళ గిటారు మొదలయ్యే ముందు టీచరు వంగి, నేలను తాకి కళ్లకద్దుకుంది. వెనకున్న చైనా అమ్మాయిలూ అలాగే చేశారు.

పక్క సీట్లో మన ఫ్లాట్ల బ్లాకులో ఉండే తెలుగు పిల్ల, "ఇది స్పెయిన్ ఆచారమా ఆంటీ?" అని అడిగింది.

"కాదమ్మా, మా అక్కది," అన్నాను.