లైటింగ్ కోసం నిలబడ్డ మొగుడు

1941 మార్చి 4, మంగళవారం

మా పిక్చర్‌లో భార్యకి భర్త మీద అనుమానం మొదలైంది, తనని చంపేస్తాడని. నిజంగా చంపుతాడా లేదా అన్నది స్టూడియో వాళ్ళకే తెలీదు. చివరి సీను రెండు రకాలుగా రాయించి పెట్టుకున్నారు.

నాది కంటిన్యుయిటీ చూసే పని. కిందటి షాట్‌లో గ్లాసు ఏ చేతిలో ఉంది, సిగరెట్ ఎంత కాలింది, కోటు బొత్తాం పెట్టుకున్నాడా లేదా, అన్నీ కనిపెట్టి రాసుకోవాలి. తేడా వస్తే తిట్లు నాకే. నా మొగుడు ఆరిన్ హీరోకి స్టాండిన్. అదే ఎత్తు, అవే భుజాలు. నేల మీద సుద్దతో గీసిన గుర్తు మీద అతను నిలబడితే లైట్లు సర్దుతారు. అంతా అమిరాక హీరో వస్తాడు, ఆరిన్ పక్కకి తప్పుకుంటాడు.

ఈరోజు మెట్ల మీద నిలబెట్టారు. గడ్డం కింద నుంచి దీపం. డైరెక్టర్ బ్రాంట్ గారు చూసి, అబ్బ, హత్య చెయ్యడానికి ఈ మొహం చాలయ్యా, హీరో ఎందుకింక అన్నారు. అందరూ నవ్వారు. ఆరిన్ కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మార్చి 11

ఆరిన్ ఆలస్యంగా వచ్చాడు. లైటింగ్ తెమల్లేదు వర్నా, ఏం చెయ్యను అన్నాడు. ఈరోజు నన్ను పక్క స్టేజిలో వేరే పనికి పంపారు, నాకేం తెలుస్తుందిలే అని అతని ధీమా. ఇంటికొస్తూ తొంగిచూశాను. మా సెట్ మీద ఒక్క దీపం లేదు, తలుపుకి తాళం కూడా పడింది.

మా పెళ్ళయ్యాక ఇదే మొదటి అబద్ధం. లేదా నేను పట్టుకున్న మొదటిది.

మార్చి 12

చొక్కాకి మెషీన్ నూనె వాసన. బొటనవేలి మీద కొత్త గాటు.

మార్చి 17, సోమవారం

నిన్న నేను గదిలోకి రాగానే ఫోన్ పెట్టేశాడు. రాంగ్ నంబరట. రాంగ్ నంబరుకి ఎవరైనా, మీ మేలు మరిచిపోనండీ అంటారా?

హీరోయిన్‌కి జడలల్లే మర్టిల్‌తో చెప్పాను. పిచ్చి మొహమా, ఎవత్తినో తగులుకుని ఉంటాడు, నాలుగు దులిపితే దారికొస్తాడు అంది. నేను దాచుకున్న భయం అది కాదు. ఆడమనిషే అయితే బాగుండును.

మార్చి 21

ఇంట్లో కూడా కంటిన్యుయిటీ చూస్తున్నాను. నిన్న చెప్పిన మాటకీ ఇవాళ్టి మాటకీ పొంతన కుదరడం లేదు. టోపీతో వెళ్ళి టోపీ లేకుండా వచ్చాడు. కాఫీ తాగుతూ నన్నే చూస్తాడు, నేను చూస్తే కిటికీ వైపు తిరుగుతాడు.

పొద్దస్తమానం ఒక ఊరంత మంది మధ్య పనిచేస్తాను. ఈ సంగతి చెప్పుకోడానికి ఒక్క మనిషి లేదు. ఎంత కష్టమొచ్చినా నాకు ముందు చెప్పుకోవాలనిపించేది ఆరిన్‌కే.

మార్చి 29, శనివారం

రేపు కొండ మీదికి వెళ్దాం, నీకొకటి చూపించాలి అన్నాడు. ఏమిటంటే, ఇప్పుడే చెప్పేస్తే మజా ఏముంటుందే అన్నాడు. మా హీరో పోయిన వారం సీనులో భార్యతో అచ్చం ఇదే మాట అన్నాడు. ఆ డైలాగు టైపు చేసింది నేనే.

ఎక్కడికి వెళ్తున్నామో మర్టిల్‌కి ఫోన్ చేసి చెప్పి ఉంచాను.

మార్చి 30, ఆదివారం సాయంత్రం

తలుచుకోవాలని లేదు. అయినా రాస్తాను.

కొండ మలుపులో కారు ఆపాడు. కింద లోయంతా ఎండ. ఇంకెవరో దంపతులు పిల్లలతో శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఆరిన్ జేబులోంచి సుద్దముక్క తీసి, అంచుకి నాలుగడుగుల ఇవతల బండ మీద గుర్తు గీశాడు. భుజాలు పట్టుకుని నన్ను దాని మీద నిలబెట్టాడు. ఇంకొంచెం వెనక్కి అన్నాడు. ఇంకొంచెం.

చంపొద్దు ఆరిన్ అని అరిచాను. గొంతు చించుకుని అరిచాను. పిల్లల తల్లి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. ఆరిన్ చేతులు వదిలేశాడు. అతని మెడలో కెమెరా వేలాడుతోంది. అది నాకు అప్పుడు కనబడింది.

నా వెనక, లోయలో, విమానాల ఫ్యాక్టరీ. సాయంత్రాలు అక్కడ పని నేర్చుకుంటున్నాడట. నిన్ననే ఉద్యోగం ఖాయమైందట. అక్కరకొచ్చిన ఫోర్‌మన్‌కే ఆ ఫోన్. ఇవన్నీ తిరుగుదారిలో కారు నడుపుతూ, దారి అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఎంతకాలమని ఇంకొకడి కోసం నిలబడతాను, నాదంటూ ఒక పని ఉండాలి కదా, దక్కకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని దాచాను అన్నాడు. ఫ్యాక్టరీ వెనక ఉండేలా నీ ఫోటో తీద్దామనుకున్నాను అన్నాడు.

క్షమించమన్నాను. ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నావు అని మాత్రం అడిగాడు.

ఏప్రిల్ 2

ఫ్యాక్టరీ దగ్గర స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. కోపం లేదు వర్నా, నీ పక్కన పడుకుంటే కదలాలన్నా భయమేస్తోంది, నువ్వెక్కడ ఉలిక్కిపడతావోనని అన్నాడు. తిట్టినా బాగుండేది.

జూన్ 10

ప్రివ్యూలో జనం గోల చేశారు. మా హీరో హంతకుడేమిటి అని అభిప్రాయం రాయమని ఇచ్చిన కార్డుల నిండా రాశారు. మళ్ళీ తీస్తారు. భర్త మంచివాడే, తప్పంతా భార్య అనుమానానిదే. ఆమె క్షమించమంటుంది, అతను కావలించుకుంటాడు. అంతా కలిపి అర పేజీ.

జూన్ 17

పాత షాట్లకి కలవాలి కాబట్టి ఆరిన్‌నే పిలిపించారు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. నన్ను చూసి తల ఊపాడు.

హీరోయిన్ స్టాండిన్‌కి జ్వరం. బ్రాంట్ గారు చుట్టూ చూసి, అమ్మాయ్ వర్నా, కాస్త నువ్వు నిలబడు, మొగుడే కదా, సిగ్గెందుకు అన్నారు. మర్టిల్ తల దించుకుంది. మేము విడిపోయామని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

గుర్తు మీద నిలబడ్డాను. ఆరిన్ చేతులు చుట్టూ వేశాడు. ఇంకా దగ్గరికి అన్నారు. వచ్చాడు. లైట్లు ఎంతసేపు సర్దారో తెలీదు, ఇంకా సర్దితే బాగుండుననిపించింది. అతని ఛాతీ మీద మొహం పెట్టుకుని, ఇంటికి రా ఆరిన్ అన్నాను. పెదవులు కదపకుండా, కదలకు, లైటు పాడవుతుంది అన్నాడు.

హీరో హీరోయిన్లు వచ్చారు. మేం తప్పుకున్నాం.

జూన్ 29, ఆదివారం

ఆరిన్ వచ్చాడు. తాళం చెవి అతని దగ్గరే ఉంది. అయినా తలుపు తట్టి, నాకు కనబడేలా చేతులు రెండూ జేబుల్లోంచి బయట పెట్టుకుని, నేను రమ్మనేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు.