బ్రష్ లేని మోటరు, పళ్ళ డాక్టరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నేను అరుస్తాను, పక్కగదిలో మీ అత్తయ్య నవ్వుతుంది. ఆసుపత్రి మూసేశాక ఏమీ తోచక నీ షాపులో కొన్నానే, ఆ రిమోట్ కారు ఐదు నిమిషాలు తిరిగితే చాలు, మోటరు పెనంలా కాలుతోంది. స్పీడ్ కంట్రోలరు ఎర్రదీపం వెలిగించి కారును ఆపేస్తోంది. నెలాఖరు ఆదివారం స్కూలు మైదానంలో పెద్దవాళ్ళ పందెం. నా పోటీ ఎవరితో అనుకున్నావు? కళ్ళ డాక్టరుతో! ముప్పయ్యేళ్ళు మా బోర్డులు ఒకే మెట్ల దగ్గర వేలాడాయి. ఆయన వరండాలో నవ్వులు, నా వరండాలో మూలుగులు. ఈ ఒక్కసారైనా గెలవాలి.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. జీవితమంతా బ్రష్ చెయ్యండి, బ్రష్ చెయ్యండి అని జనాన్ని వేధించి, చివరికి బ్రష్‌లెస్ మోటరు కొన్నాను. అనుభవించాలిగా!

*

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

మోటరుకి మోయలేనంత పని పడుతున్నట్టుంది. దాని ఇరుసు మీదున్న చిన్న గేరుకి రెండు పళ్ళు తగ్గించండి. వేగం కాస్త తగ్గినా వేడి బాగా తగ్గుతుంది. టైమింగ్ కొంచెం వెనక్కి జరపండి. కారు పైతొడుగుకి నాలుగు చిల్లులు పెడితే లోపలికి గాలి ఆడుతుంది.

మీ మేనకోడలు

తా.క. అత్తయ్యను నవ్వనివ్వండి. పళ్ళు చూడటం మీకు కొత్తేమీ కాదుగా.

*

చిరంజీవి మేనకోడలికి,

చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. చిల్లులు ముత్యాల్లా వచ్చాయి, చేతివాటం ఇంకా పోలేదు. ఆకురాయి పెట్టి గేరుకి రెండు పళ్ళు అరగదీసేశాను. మత్తు ఇవ్వకుండా పని కానివ్వడం నా వృత్తిలో ఇదే మొదటిసారి. ఇప్పుడు కారు టకటకమంటూ ఎక్కిళ్ళు పెడుతోంది. టైమింగ్ కూడా వెనక్కి జరిపాను. రోజూ ఐదింటికి నడిపేవాణ్ణి, నాలుగింటికే మొదలుపెట్టాను. అయినా మోటరు నడిచీ నడవకముందే ఇంకా ఎక్కువ కాలుతోంది. వేలు బొబ్బెక్కింది.

దిగులుతో,
మామయ్య

తా.క. గేరుకి కట్టుడు పళ్ళు దొరుకుతాయా?

*

మామయ్యా,

మీ ఉత్తరం చదివి బల్ల మీద తల ఆన్చి నవ్వాను. తప్పు నాదే. రెండు పళ్ళు తక్కువున్న వేరే గేరు వెయ్యమని రాయాల్సింది. అదే ఈ కవర్లో పంపుతున్నాను. టైమింగ్ అంటే గడియారం కాదండీ బాబూ, మోటరు వెనక మూత మీదున్న గీతలు! అంతా సరే గానీ, నడిచీ నడవకముందే అంత వేడి ఎక్కడిది? ఈసారి స్విచ్చి వెయ్యకముందే మోటరు మీద వేలు పెట్టి చూసి రాయండి.

మీ మేనకోడలు

తా.క. బొబ్బ లేని వేలు.

*

చిరంజీవి మేనకోడలికి,

పెట్టాను. దానికీ బొబ్బెక్కింది. స్విచ్చి వెయ్యకముందే మోటరు కాలుతోంది!

నేను కునుకు తీసే వేళ ఎవరో నడుపుతున్నారని అనుమానమొచ్చి, మర్నాడు భోంచేసి నిద్ర నటించాను. నమ్మకం కలగడానికి గురక కూడా పెట్టాను. మూడింటికి పెరటి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూద్దును కదా, మీ అత్తయ్య! బోర్లించిన బకెట్ల మధ్య నా కారును పాములా తిప్పుతోంది. నేను రోజూ గుద్దే గోడ పక్కన వెంట్రుకవాసిలో మలుపు తిప్పింది.

“ఎన్నాళ్ళ నుంచీ ఇది?” అన్నాను.

“మీరు కొన్న రెండోనాటి నుంచీ. రోజూ గంటసేపు. వేరే బ్యాటరీ కూడా తెచ్చుకున్నా.”

“మరి నా కారును చూసి నవ్వుతావేం?”

“కారును చూసి కాదు, మీరు నడపడం చూసి.”

నువ్వు పంపిన గేరు బిగించి, ఆదివారం నోరు మూసుకుని రిమోట్ ఆవిడ చేతికిచ్చాను. కళ్ళ డాక్టర్ని ఒక చుట్టు తేడాతో ఓడించింది. మోటరు గోరువెచ్చగా ఉందంతే. “మీ కారు నా కంటికే ఆనలేదండీ,” అన్నాడాయన. నేను గెలవలేదు గానీ, గెలిచినావిడ పక్కన విసనకర్రతో నిలబడ్డాను.

ఇట్లు,
కారు మెకానిక్

తా.క. ఇప్పుడు మూడింటికి ఆవిడ వంతు, ఐదింటికి నాది. మధ్యలో మోటరు చల్లారేదాకా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ముప్పయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపించాను గానీ, మీ అత్తయ్య నోరు తెరిస్తే వినడం ఇప్పుడే నేర్చుకుంటున్నాను.