హైదరాబాద్ నుంచి గంట

అక్కా,

నిన్న బావను నీ పక్కనే సమాధి చేశాం. మొన్న చీకటి పడేదాకా సుందర్ వచ్చాడా అని అడుగుతూనే ఉన్నాడు. నీ కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి తెల్లారింది. అప్పటికి తండ్రి లేడు.

మొన్న పొద్దున్నే నేను ఫోన్ చేస్తే, వాళ్ళ ఆఫీసువాళ్ళు విమానం టికెట్ తీస్తామన్నారట. వీడే వద్దన్నాడు.

"అమ్మప్పుడు నీ ఫ్లైటు కేన్సిలైపోనాది కదా మావయ్యా. నాకూ అలాగే అవుద్దేమోనని బయమేసి రైలెక్కీసాను" అన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ మాట చెప్పింది నేనే. ఆ రోజు విమానం రద్దు కాలేదక్కా. హైదరాబాద్‌లో ఎక్కే మెట్ల దాకా వెళ్ళి, ఎక్కడానికి భయమేసి వెనక్కి వచ్చేశాను. నేను రైల్లో వచ్చేలోపు నువ్వు వెళ్ళిపోయావు. నర్సీపట్నంలో అడిగినవాళ్ళందరికీ విమానం రద్దయిందనే చెప్పాను. పాస్టరు గారు నీ సమాధి దగ్గర ప్రార్థనలో కూడా ఆ మాటే అన్నారు. నేను కళ్ళు మూసుకుని అందరితోపాటు ఆమెన్ అన్నాను.

నిన్న సమాధుల దొడ్డి నుంచి తిరిగి వస్తుంటే సుందర్ నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఫ్లైటైతే బేగి వచ్చీసేవోడినేటి మావయ్యా?"

విశాఖపట్నానికి గంట. అక్కణ్ణుంచి కారులో రెండున్నర గంటలు. మధ్యాహ్నం విమానం ఎక్కినా బావ మాట్లాడుతుండగానే వచ్చి పక్కన కూర్చునేవాడు.

"ఏటోరా, ఆటిని నమ్మలేం" అన్నాను.