ఎడమవైపు పాలగడ్డ

ఫిబ్రవరి 3
మూడోసారి. మళ్ళీ ఎడమవైపే. వణుకుతో లేచాను, ఏడింటికి జ్వరం నూట రెండు. చంక వైపు అరచేతంత ఎరుపు, ముట్టుకుంటే రాయి. పిల్ల మాత్రం హాయిగా తాగి, కాళ్ళాడిస్తూ నన్ను చూసి నవ్వింది. నాలుగు నెలల పిల్ల, నలభై రెండేళ్ళ తల్లి... పెద్దది దివ్య పుట్టిన పదిహేడేళ్ళకి. ఒళ్ళు కాలిపోతున్నా నాకూ నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 4
ఆసుపత్రి. డాక్టరమ్మ పది రోజులకు మాత్రలు రాసింది. "పోయినసారి పూర్తిగా వేసుకున్నారా?" వేసుకున్నానన్నాను. అబద్ధం. జ్వరం తగ్గగానే మూడో రోజు ఆపేశాను, పిల్లకి మందు పాలు ఎందుకని. పాలు, జ్వరాలు, మాత్రలు అన్నీ లెక్క రాసే పుస్తకం ఇది, ఇక్కడ దాచడం ఎందుకు. పాలు మానొద్దు, ఆ వైపు కూడా ఇవ్వండి అంది. మళ్ళీ మళ్ళీ వస్తే స్కానింగ్, చీము పడితే తీయాలి...
బయటికి రాగానే ఆయన: "ఇదే లాస్ట్. ఇంకోసారి జ్వరమొచ్చిందా, డబ్బా పాలే. ఒప్పుకో."
కోపం కాదు, భయం. నేను ఆయన చేపల బోటు కాదు, ఇంజను ఆగితే విప్పి చూసుకోవడానికి.
ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 5
దివ్యకి నలభయ్యో రోజున మానేశాను. ఇదే గడ్డ, ఇదే వైపు. గుడ్డ బిగించి కట్టేశారు, అంతే. పక్క గదిలో డబ్బా పాలు కలుపుతున్న చెంచా చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.
ఈసారి మానను.

ఫిబ్రవరి 6
జ్వరం లేదు! పిల్ల తాగాక పంపుతో తీసినవి: పొద్దున్న 90, పదింటికి 110, మధ్యాహ్నం 120 మిల్లీలీటర్లు. పంపు మొదలుపెట్టిన వారంలో ముప్ఫై దాటేది కాదు. నూట ఇరవై!
ఈ జ్వరాలేవీ రాకముందే, పిల్లకి నెల నిండినప్పుడు రొమ్ము కాస్త గట్టిపడితే పక్కింటి హిందీ ఆమె చెప్పింది— "పూరా ఖాళీ కరో దీదీ, లోపల ఒక్క చుక్క మిగలకూడదు." అప్పటినుంచి ఒక్క పూట తప్పలేదు, ఒక్క అంకె రాయకుండా ఉండలేదు. ఫ్రీజర్ నిండా పాల సీసాలే. ఆయన కోనాం చేప ముక్కల గిన్నె పట్టుకుని ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడిపోయాడు. "చేపలోళ్ళ ఇంట్లో చేపకి జాగా లేదు. డెయిరీ పెట్టేస్తావేటే?"

ఫిబ్రవరి 8
అత్త కొబ్బరినూనె వేడిచేసి గడ్డ మీద బొటనవేళ్ళతో నొక్కింది. పళ్ళు బిగబట్టాను.
"ఓర్సుకోయే. గడ్డ కరగాలంటే నొక్కాల. అప్పుడు మాకు డాట్టర్లున్నారేటి?"
సాయంత్రానికి ఇంకా ఎర్రబడింది.

ఫిబ్రవరి 9
దొరికింది! పుస్తకం మొదటినుంచి చదివాను. మూడు జ్వరాలకీ ముందు రెండేసి రోజులు— పాలు అప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ వచ్చిన రోజులే. మూడుసార్లూ! ఎక్కువ వచ్చాయంటే లోపల ఎక్కువ మిగిలి ఉంటాయి. అంటే నేను చాలినంత తీయడం లేదు. రేపటినుంచి ఆరుసార్లు కాదు, ఎనిమిది. కొత్త గడులు గీశాను.
దివ్య భుజం మీంచి తొంగిచూసింది. "మా, నువ్వు బోర్డ్ ఎగ్జామ్‌కి పఢాయీ చేస్తున్నట్టుంది."
నువ్వు చదువు ముందు, అన్నాను.

ఫిబ్రవరి 11
ఎనిమిదిసార్లు. ఒక్కసారికే 150.
కానీ రెండు గంటలు గడవకముందే మళ్ళీ బరువు. పిల్లకి పాలు గొంతుకి అడ్డంపడి దగ్గు. ఏదో తేడాగా ఉంది...

ఫిబ్రవరి 12
పుస్తకం సంచిలో పెట్టుకుని, పిల్లనెత్తుకుని పొద్దున్న ఫెర్రీ ఎక్కాను. చాతం రేవులో దిగి ఆటో. డాక్టరమ్మ చూసి, పాలిచ్చే తల్లులతో మాట్లాడే సిస్టర్ దగ్గరికి పంపింది. చిన్న వయసు. హిందీ, తెలుగు కలిపి దంచేస్తుంది.
"ఇది ఎవరు రాశారు దీదీ?"
నేనే.
"బాప్ రే. మా రిజిస్టర్లు కూడా ఇంత నీట్‌గా ఉండవు." పేజీలు తిప్పుతోంది. నాకు లోపల పొంగు. "మరి ఈ పంప్ ఎందుకు?"
ఖాళీ చేయడానికి.
"ఎప్పుడైనా ఖాళీ అయిందా?"
అంకెల మీద వేలు జరుపుతూ వెతికాను.
"అవదు దీదీ. ఎంత తీస్తే అంత తయారవుతుంది. మీ బాడీ ఏమనుకుంటోందో తెలుసా? జుడ్వా, కవలలు పుట్టారు, ఇంకో పాప ఎక్కడో దాక్కుని ఉంది, రోజూ ఎనిమిదిసార్లు వచ్చి తాగిపోతోంది!"
నవ్వు మొదలైతే ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. నవ్వో ఏడుపో. మూడు నెలలుగా లేని బిడ్డకి పాలు పట్టాను— టైము తప్పకుండా.
అప్పుడు చెప్పింది. పంపు ఒక్కసారిగా ఆపొద్దు, అదీ ప్రమాదమే, కొద్దికొద్దిగా తగ్గించాలి. పిల్ల ఎప్పుడు అడిగితే అప్పుడు, గడియారం చూడకుండా. నొక్కడం, పిసకడం బంద్. నొప్పిగా ఉంటే చల్లటి గుడ్డ. ఈ బిగుతు జాకెట్లు ఎవరి కోసం దీదీ? మాత్రలు మాత్రం రాసినన్నీ మింగాలి. ఆ అబద్ధం కూడా చెప్పేశాను ఆమెకి. "మాలూమ్ థా, ముందే తెలుసు," అంది.
తిరుగు ఫెర్రీలో కూర్చోలేకపోయాను. ఎవరికైనా చెప్పాలి! పక్కన కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్న పెద్దాయన ఒక్కడే. కొద్దిలో ఆగాను.

ఫిబ్రవరి 13
ఎనిమిది నుంచి ఆరు. పూటకి ఇరవై తక్కువ. మాత్రలు పూర్తి— పట్టీ ఖాళీ. ఒంటిమీద దివ్య వదులు టీషర్టు. "మా, ట్యూషన్‌కి నేనేం వేసుకోవాలి?"

ఫిబ్రవరి 14
బరువు. సలుపు. పంపు వైపు చేయి దానంతటదే పోతోంది. ఆయన బోటు నుంచి ఐసు తెచ్చాడు, తువ్వాల్లో మూటకట్టి. చేప వాసన! పిల్ల ముక్కు చిట్లించింది, ఆగింది, మళ్ళీ తాగింది. "మన పిల్లే," అన్నాడు.
అత్త తువ్వాలు లాగేసింది. "సల్లటిదెడితే పాలు గడ్డ కట్టేయవేటే!" నూనె గిన్నె తెచ్చింది. ఆమె చేయి పట్టుకుని ఆపాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.
"నొక్కకు అత్తా."
గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 15
అత్త మాట్లాడటం లేదు. పూటకి 80.

ఫిబ్రవరి 16
మధ్యాహ్నం అత్త తనే వచ్చి మంచం చివర కూర్చుంది.
"నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ ఇలాగే. మా అత్త నొక్కీది. నా అరుపు సంద్రం ఒడ్డుకి ఇనపడీది."
మరి నన్నెందుకు నొక్కావు?
"ఇంకేటి తెలుసే నాకు?"
ఇద్దరం పిల్లని చూస్తూ కూర్చున్నాం.

ఫిబ్రవరి 18
నాలుగుసార్లు. పూటకి 50. పిల్లకి దగ్గు రావడం లేదు! నిదానంగా, కళ్ళు మూసుకుని తాగుతోంది. ఇన్నాళ్ళూ పాపం కొళాయి కింద నోరు పెట్టినట్టే తాగింది.

ఫిబ్రవరి 21
రోజుకి ఒక్కసారి. 20.

ఫిబ్రవరి 22
పంపు కడిగి, ఆరబెట్టి, అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేశాను. రొమ్ము మెత్తగా ఉంది. నొక్కకుండానే తెలుస్తోంది. పెరట్లోకి వెళ్ళి ఊరికే నవ్వుకున్నాను. అత్త చూసింది. "పిచ్చెక్కిందేటే?"

ఫిబ్రవరి 23
అంకెలు లేని పేజీ. తాగింది. నిద్రపోయింది. తాగింది. ఏం రాయాలో తెలియక గడులు ఖాళీగా వదిలేశాను. పట్టలేనంత సంతోషం, చేతికి మాత్రం దురద.

ఫిబ్రవరి 25
చౌల్దారీ ఊళ్ళో ఆడపడుచు కొత్తింట్లో పాలు పొంగించారు. మూడు వందల మంది. పిల్ల చేతులు మారుతూనే ఉంది. ఎవరో ఒకామె— "మనవరాలు మీ పోలికే!"
కూతురు, అన్నాను. ఆమె నాలుక కరుచుకుంది. వెనక ఇంకో గొంతు కిసుక్కుమంది.
ఆ తర్వాత పిల్లని ఇమ్మని అడగలేకపోయాను. అందరి ముందు పక్కకి తీసుకెళ్ళి కొంగు కప్పుకోవాలంటే... ఎవరి ఒళ్ళోనో నిద్రపోతోందిలే అనుకున్నాను. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా పాలివ్వనే లేదు. పైగా పట్టుచీర, పాత బిగుతు జాకెట్టు.
సిస్టర్ చెప్పినవన్నీ తెలిసి. తెలిసి!

ఫిబ్రవరి 26
పొద్దున్న ఆరు. ఎడమవైపు నిమ్మకాయంత గట్టి. ఎరుపు లేదు. 99.6. ఇది జ్వరమా? నూరు దాటితే జ్వరమని గీత గీసుకుంది నేనే. దాటితే డాక్టరమ్మ దగ్గరికి, ఆలస్యం లేదు. అదీ రాసుకున్నాను.
పిల్లకి ఇచ్చాను. చల్లటి గుడ్డ. వదులు నైటీ. పడుకున్నాను. నొక్కలేదు, పంపు దించలేదు.
తొమ్మిదింటికి ఆయన సంచి సర్దుకున్నాడు, నాలుగు రోజుల వేట. చెప్పకపోతే తెలియదు. వచ్చేసరికి కరిగిపోయి ఉండొచ్చు కూడా.
"గట్టిగా ఉంది," అన్నాను.
"జ్వరం?"
"తొంభై తొమ్మిది ఆరు."
పిల్లని చూశాడు. నన్ను చూశాడు. డబ్బా మాట వస్తుందనుకున్నాను. సంచి దించాడు. మళ్ళీ భుజానికి తగిలించాడు. మళ్ళీ దించాడు.
"బోటు నాలుగింటికి కదా," అన్నాడు. "టైముంది."

మధ్యాహ్నం రెండు. 99.4. పిల్ల మూడుసార్లు తాగింది. గడ్డ ఉందా లేదా అన్నంత... కాదు, ఉంది. ఉందనే రాస్తున్నాను.
ఆయన గుమ్మంలో చెప్పులేసుకుని కూర్చున్నాడు. నాలుగింటి బోటుకి సర్దిన సంచి పక్కనే ఉంది. పిల్ల కదులుతోంది. కళ్ళు తెరవకుండానే తల ఇటు తిప్పింది, ఎడమవైపుకే. పెన్ను పెట్టేస్తున్నాను, ఇవ్వాలి—