టకటక పోయింది

తమ్ముడూ,

నువ్వు పోయి ఏడాదైంది. రేసులకు తీసుకెళ్లే నీ కారు ఇంజన్‌లో టకటకమని చప్పుడొస్తుంటే, వనపర్తి మెకానిక్ తుక్కుకు ఇచ్చేయమన్నాడు. నీ బిడ్డ లత వినలేదు. బాగుకాకపోతే తనే ఇచ్చేస్తానని ఇంజన్ విప్పింది. వాల్వులను తెరిచే రాకర్ ఆర్మ్‌లకున్న పదహారు బేరింగుల్లో మూడు అరిగాయని చూపించింది.

నేను ఒక్కోదాన్నీ జపమాల పూసలా వేళ్ల మధ్య తిప్పి చూశాను. ఇంకొకటి గరుకుగా తగిలింది.

"ఇది గూడ పోయింది బిడ్డా."

"అత్తమ్మా, జపం చేస్తున్నవా, రిపేర్ చేస్తున్నవా?"

"ఏదైతేంది? మార్చు."

నాలుగూ మార్చింది. ఈ పొద్దున స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. ఇక కారు మన ఇంట్లోనే ఉంటుంది. పెడళ్లు అందక, లత నీ సీటు ముందుకు జరుపుకుంది.

అక్క